మిర్చి దుమ్ములో ఫ్యాన్ జాకెట్ వద్దు, మైనం కోటు మేలు

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పనిచేసే మనిషికి ఒక్క పూటలోనే రెండు కాలాలు. బయట ప్లాట్‌ఫారం మీద ఏప్రిల్ ఎండ 40 దాటి ఉంటుంది. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే మా చాంబర్లో ఆరేడు డిగ్రీలు. నేను ఇక్కడ సరుకు నాణ్యత చూస్తాను. వచ్చిన టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) కొన్నిటిని విప్పించి తేమ, రంగు, తాలు కాయ ఎంత ఉందో చూసి రిజిస్టర్లో ఎక్కిస్తాను. షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ హాజరు, కూలి లెక్కలు కూడా నావే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలోకి, చలిలోకి తిరుగుతూనే ఉంటాను. నాకన్నా ఎక్కువ తిరిగేది టిక్కీలు మోసే ముఠా వాళ్ళు. వాళ్ళు చెమటతో తడిసిన చొక్కాలతోనే చాంబర్లోకి పోతారు, మళ్ళీ అలాగే ఎండలోకి వస్తారు.

పోయిన వేసవిలో ముఠాలో ఒకాయన ఎండకు కళ్ళు తిరిగి పడిపోయాడు. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డలతో ఒళ్ళు తుడిచి, హాస్పిటల్‌కు తీసుకెళ్తే కోలుకున్నాడు. ఆ తర్వాత మా ఓనరు గారు నన్ను పిలిచి, "అమ్మా, ఒంటిని చల్లబరిచే కోట్లు వస్తున్నాయంట కదా, ఒక్కో రకం తెప్పించి మన పనిలో ఏది ఆగుతుందో చూడు, బాగుంటే అందరికీ తీసుకుందాం" అన్నారు. ఆ మాట మీద కొన్నవే ఇవన్నీ. విజయవాడ ఆటోనగర్లో సేఫ్టీ సామాన్లు అమ్మే షాపులో కొన్ని తీసుకున్నాం, మిగతావి ఆన్‌లైన్లో తెప్పించాం. నేను వేసుకుని చూశాను, మా వాళ్ళకీ వేయించి చూశాను.

ముందుగా ఫ్యాన్ జాకెట్. నడుము దగ్గర వెనకవైపు రెండు చిన్న ఫ్యాన్లు ఉంటాయి, జేబులో పవర్ బ్యాంక్. స్విచ్ వేయగానే జాకెట్ ఉబ్బుతుంది, గాలి వీపు మీదుగా పాకి మెడ దగ్గర, చేతుల దగ్గర బయటికి పోతుంది. ఇది పుట్టింది జపాన్లో. సోనీలో ఇంజినీరుగా చేసిన ఇచిగాయా హిరోషి దీన్ని తయారుచేసి, 2004లో కూచోఫుకు అనే కంపెనీ పెట్టారు. ఇప్పుడు అక్కడ ఎండాకాలంలో బిల్డింగ్ పనివాళ్ళు మామూలుగా వేసుకునే బట్ట ఇది. అందులో ఏసీ ఏమీ లేదు, ఒంటి చెమటను త్వరగా ఆరబెట్టడమే అది చేసే పని. ఆ పని చిన్నదేం కాదు. ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆరితే దాదాపు 2,400 కిలోజౌల్స్ వేడిని పట్టుకుపోతుంది. కిలో ఐసు కరిగితే పీల్చేది 334 కిలోజౌల్స్ మాత్రమే. దేవుడిచ్చిన ఏసీ చెమటే, దానికి కాస్త గాలి ఆడితే చాలు అన్నది ఆ జపాన్ ఆయన లెక్క. నాకు ఆ ఆలోచన చాలా నచ్చింది.

వేబ్రిడ్జి దగ్గర కూర్చునే మా కాటా గుమస్తాకు ఇది బాగా కుదిరింది. రేకుల గది, పైన ఫ్యాన్ ఉన్నా వేడిగాలే కొడుతుంది. లోపల పలచటి కాటన్ బనియన్ వేసుకుని, దాన్ని కాస్త తడుపుకుని, పైన జాకెట్ వేసుకుంటే మధ్యాహ్నం హాయిగా ఉంటోందని ఆయన అంటున్నాడు. బనియన్ తడపడం అసలు కిటుకు. పొడి ఎండలో ఆ తడి నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరేటప్పుడు వీపు చల్లగా ఉంటుంది. అయితే గుంటూరు ఎండ రోజంతా ఒకే తీరుగా ఉండదు. మధ్యాహ్నం పడమటి వడగాలి పొడిగా ఉంటుంది, సాయంత్రానికి సముద్రం వైపు గాలి మళ్ళి ఉక్క మొదలవుతుంది. ఉక్కలో చెమట ఆరదు, అప్పుడు జాకెట్ ఉబ్బుతుంది గానీ ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది. ఇంకో సంగతి, 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి ఒంటిని ఇంకా వేడెక్కించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి రోహిణి కార్తెలో పొడి బట్టల మీద ఇది వేసుకుని, నీళ్ళు కూడా తాగకుండా తిరిగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

మా షెడ్డులో మాత్రం ఇది అసలు పనికిరాలేదు. మిరపకాయ దగ్గర పనిచేసే వాళ్ళకు ఇది వివరంగా చెప్పాలి. తేజ రకం టిక్కీ విప్పి కుప్ప పోసినప్పుడు లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. వెలుతురు పడే చోట చూస్తే సన్నటి ఎర్ర పొడి, విరిగిన పొట్టు, మధ్యమధ్య పసుప్పచ్చ గింజలు గాల్లో తేలుతుంటాయి. నేను జాకెట్ వేసుకుని కుప్ప దగ్గర వంగాను. ఫ్యాన్లు నడుము దగ్గర ఉన్నాయి, కుప్ప కూడా సరిగ్గా ఆ ఎత్తే. ఆ దుమ్మంతా ఫ్యాన్లు లోపలికి లాగేశాయి. ముందు వీపు మీద చిటచిటలాడింది. తర్వాత వెన్ను పొడవునా, ఎక్కడ చెమట ఉంటే అక్కడ మంట. అంతటితో ఆగలేదు. జాకెట్ గాలి బయటికి వచ్చే దారి కాలర్ దగ్గరే కదా, ఆ ఘాటు నేరుగా గడ్డం కిందనుంచి ముఖానికి కొట్టింది. దగ్గు, తుమ్ములు, కళ్ళనిండా నీళ్ళు. పక్కన తొడిమలు తీస్తున్న పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందమ్మాయ్ అది, ఘాటంతా మా మీదకే కొడతాంది, ఆపు ముందు" అంది. ఫ్యాన్లకు జాలీ తొడుగులు అమ్ముతారు. అవి పొట్టును ఆపుతాయి, సన్న పొడిని ఆపవు. గుడ్డ కడితే పొడి ఆగుతుంది గానీ గాలి తగ్గిపోతుంది. మిర్చి యార్డులో గానీ, కారం మిల్లులో గానీ, పసుపు పట్టే చోట గానీ ఫ్యాన్ జాకెట్ ఎవరికీ కొనివ్వకండి. టిక్కీలు వీపు మీద మోసే వాళ్ళకైతే అసలే కుదరదు, మొదటి టిక్కీకే ఫ్యాన్లు నలిగిపోతాయి.

ఐసు ప్యాకెట్ల కోటు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వేసుకోగానే ఒళ్ళు జివ్వుమంటుంది, కాసేపటికి చర్మం మొద్దుబారుతుంది. ఐసు నేరుగా చర్మానికి ఆనితే మంచిది కాదు, మధ్యలో మందం గుడ్డ ఉండాలి. చల్లటి గ్లాసుకు పట్టినట్టు ప్యాకెట్ మీద నీళ్ళు పట్టి చొక్కా అంతా తడిసిపోతుంది. తడి చొక్కా మీద మిర్చి పొడి పడితే ఏమవుతుందో యార్డులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. పైగా వీటిని గడ్డ కట్టించడానికి మా చాంబర్ పనికిరాదు. అక్కడ ఆరేడు డిగ్రీలే, సున్నాకు దిగదు. దీనికోసం విడిగా డీప్ ఫ్రీజర్ కొనాలి.

ఇక అసలు సరుకు, మైనం కోటు. షాపులో దీన్ని పీసీఎం (ఫేజ్ చేంజ్ మెటీరియల్, అంటే కరుగుతూ గడ్డకడుతూ ఉండే పదార్థం) వెస్ట్ అంటారు, వెస్ట్ అంటే చేతుల్లేని కోటు. మా ముఠా వాళ్ళు ఒక్కరోజులో మైనం కోటు అని పేరు పెట్టేశారు, ప్యాకెట్లో ఉండేది నిజంగానే మైనం లాంటి పదార్థం. దీనికి కరెంటు, ఫ్యాన్, బ్యాటరీ ఏవీ అక్కర్లేదు. ఒక నిర్ణీత డిగ్రీల దగ్గర కరిగేలా ఆ మైనాన్ని ఎంచుకుంటారు. మేం కొన్నది 18 డిగ్రీల దగ్గర కరిగేది, 28 డిగ్రీల రకం కూడా దొరుకుతుంది. ఒంటి వేడి తగిలినకొద్దీ అది నెమ్మదిగా కరుగుతూ వేడిని లాక్కుంటుంది. పూర్తిగా కరిగేదాకా చల్లదనం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఐసులాగా మొదట గడ్డకట్టించి తర్వాత చప్పబడిపోవడం ఉండదు.

మాకు దీనివల్ల కలిసొచ్చిన సంగతి ఇంకోటి ఉంది, దాన్ని షాపాయన కూడా ఊహించలేదు. 18 డిగ్రీల కింద గడ్డకట్టే మైనానికి ఫ్రీజర్ ఎందుకు, మా చాంబరే చాలు! తలుపు లోపల పక్కగా ఒక ఇనప చువ్వకు కొక్కేలు పెట్టించి, ప్యాకెట్లను ఒకదానికొకటి తగలకుండా వేలాడదీస్తున్నాం. పొద్దున వేసుకున్నవి కరిగి మెత్తబడితే అక్కడ తగిలిస్తారు, గట్టిపడినవి తీసుకుని పోతారు. దీనికోసం ఒక్క యూనిట్ కరెంటు బిల్లు విడిగా కట్టడం లేదు. గుంటూరు చుట్టుపక్కల ఇన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, ఈ కోటు వాడటానికి ఇంతకన్నా అనువైన ఊరు ఇంకోటి ఉంటుందా అనిపిస్తోంది. ఇంట్లో వాడేవాళ్ళు మామూలు ఫ్రిజ్ కింది అరలో పెట్టుకున్నా సరిపోతుంది. 28 డిగ్రీల రకమైతే ఐసు ముక్కలు వేసిన బకెట్ నీళ్ళలోనే గట్టిపడుతుంది.

చెయ్యగలిగినంతే చేస్తుంది, అంతకు మించి ఆశపడకూడదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోనే సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. టిక్కీలు మోసే వాళ్ళకు అది 300, 400 వాట్లు దాటుతుంది. మా కోటులో దాదాపు రెండు కిలోల మైనం ఉంది, కిలోకి 200 కిలోజౌల్స్ అటూ ఇటూగా పీల్చుకుంటుంది. రెండు గంటలు వాడితే అది సుమారు 55 వాట్లు తీసినట్టు లెక్క. అంటే ముఠా మనిషి ఒంటి వేడిలో ఆరో వంతో ఏడో వంతో. మిగతాది చెమటే తీయాలి. కాబట్టి ఈ కోటు ఇచ్చాం కదా అని నీడలో విరామం, మజ్జిగ, ఓఆర్ఎస్ మానేస్తే అది పెద్ద తప్పు. మా ఓనరు గారితో కూడా ఈ మాట గట్టిగా చెప్పాను. అయినా ఆ ఆరో వంతు ఎంత తేడా తెస్తుందో వేసుకున్న వాళ్ళ ముఖాల్లో కనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కుప్ప ముందు కూర్చున్న మనిషి ఇంటికి పోయేటప్పుడు కూడా నవ్వుతూ మాట్లాడుతోంది.

ఆడవాళ్ళకు ఇది ఎలా ఉందో విడిగా రాస్తాను, ఎందుకంటే ఈ కోట్లు కుట్టేవాళ్ళు ఆడవాళ్ళను మనసులో పెట్టుకుని కుట్టరు. మా షెడ్డులో అందరూ చీర మీద మగవాళ్ళ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకు, ఘాటుకు ఆ చొక్కానే వాళ్ళ కవచం. కోటును చొక్కా పైన వేయించి చూశాం. ఎండ నేరుగా తగిలి ప్యాకెట్లు త్వరగా కరిగిపోయాయి. చీర మీద కోటు, దాని పైన చొక్కా వేయించాం. చాలా మేలు, చొక్కా ఎండను ఆపుతుంది, చల్లదనం ఒంటి వైపే ఉంటుంది, దుమ్ము కూడా కోటుకు అంటదు. అయితే చొక్కా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఫ్రీ సైజు అని అమ్మే కోటు సన్నగా ఉండే పిన్నికి మోకాళ్ళ మీదకి జారింది, పక్కల పట్టీలు చివరి దాకా లాగినా వదులే. నేల మీద కూర్చుని పనిచేసేవాళ్ళకు కింది వరుస ప్యాకెట్లు పొట్టలో గుచ్చుకుంటాయి, వాటిని తీసేయించాను. పై వరుస, వీపు ప్యాకెట్లు ఉంటే చాలు. "ఎట్టా ఉంది పిన్నీ" అని అడిగితే, "వీపు మీద చెయ్యి వేసినట్టుంది తల్లీ, బరువు మాత్రం ఉంది" అంది. బరువు నిజమే. వయసు మళ్ళిన వాళ్ళకు, మెడ నొప్పి ఉన్నవాళ్ళకు రెండు కిలోలు ఎక్కువే.

ముఠా వాళ్ళకు దీన్ని తిరగేసి వాడాం. టిక్కీ పడేది వీపు మీదే కాబట్టి వెనక ప్యాకెట్లు తీసేసి ముందు మాత్రమే ఉంచాం. ముఠా మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. "బరువు మోసే వాడికి ఇంకో బరువెందుకమ్మా" అన్నాడు. మోత పనిలో వేసుకోవద్దని, మోత ఆగి లారీ కోసం ఎదురుచూసేటప్పుడు, బీడీకో టీకో కూర్చున్నప్పుడు వేసుకోమని చెప్పాను. అది కుదిరింది. విరామంలో ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, మళ్ళీ లేచేసరికి ఊపిరి నెమ్మదిస్తుంది. మోత మధ్యలో వేసుకునేది కాకుండా, మోతకూ మోతకూ నడుమ వేసుకునేదిగా దీన్ని చూస్తే ముఠాలకు బాగా పనికొస్తుంది. 18 డిగ్రీల ప్యాకెట్ల మీద కూడా కాస్త చెమ్మ పడుతుంది, ఐసు అంత కాదు. ప్యాకెట్ అతుకులు మాత్రం వారానికోసారి చూసుకోవాలి. ఒకటి చిట్లి మైనం కారింది, చొక్కాకు నూనె మరకలా పట్టి పోలేదు. మైనం రకాలు మంటకు అంటుకుంటాయి కూడా, బీడీ నిప్పు దగ్గర జాగ్రత్త. వెల్డింగ్ పనివాళ్ళు ఈ రకం కొనకుండా ఉప్పు పదార్థాలతో చేసినవి అడగండి.

"ఎండాకాలం చల్లదనం, చలికాలం వెచ్చదనం, రెండూ ఒకే దాంట్లో" అని ఆన్‌లైన్లో అమ్మే మెడ పరికరం కూడా తెప్పించాం. ఇది పెల్టియర్ పద్ధతిలో పనిచేస్తుంది. రెండు రకాల లోహాలు కలిసే చోట కరెంటు పారితే ఒకవైపు చల్లబడి ఇంకోవైపు వేడెక్కుతుందని 1834లో పెల్టియర్ అనే ఫ్రెంచ్ ఆయన కనిపెట్టారు. కరెంటు దిశ మారిస్తే చల్లటి వైపు వేడవుతుంది, అందుకే రెండూ చేయగలదు. సోనీ వాళ్ళు 2020లో జపాన్లో ఇలాంటిదే రియాన్ పాకెట్ పేరుతో తెచ్చారు. మేం కొన్నది వేరే కంపెనీది. మెడ వెనక బొటనవేలంత చోటు చల్లగా ఉంటుంది, అంతే. ఆఫీసులో కూర్చుంటే కాస్త ఉపశమనం. 42 డిగ్రీల ఎండలో వెనకవైపు వేడిని బయటికి తోసే దారి లేక అది కూడా వేడెక్కి ఆగిపోయేది. వేడి పుట్టించడం కరెంటుకు తేలిక, తీసుకున్న కరెంటంతా చివరికి వేడే అవుతుంది. ఒంట్లోంచి వేడిని లాగి బయట పారేయడమే కష్టం. అంతరిక్షంలో నడిచేవాళ్ళకు నాసా ఇచ్చే లోపలి దుస్తుల్లో సుమారు 90 మీటర్ల సన్నటి గొట్టాలు కుట్టి అందులో చల్లటి నీళ్ళు తిప్పుతారు. ఒళ్ళంతా చల్లబడాలంటే అంత పని ఉంది. మెడ మీద చిన్న రేకుతో అయ్యే పని కాదు. అమ్మినవాళ్ళకు వెనక్కి పంపుతామంటే వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే జవాబు లేదు. దీనికి పెట్టిన డబ్బు పోయినట్టే.

వెచ్చదనం సంగతికొస్తే, చాంబర్లో వాడే వేడి కోటు మంచి వస్తువు. చేతుల్లేని పలచటి కోటు, వీపులో, పొట్ట దగ్గర కార్బన్ ఫైబర్ తీగలు. ఐదు వోల్టుల మామూలు పవర్ బ్యాంక్‌తో నడుస్తుంది. ఛాతీ దగ్గర బటన్ నొక్కితే ఎరుపు, తెలుపు, నీలం లైట్లు మారతాయి. ఎరుపు ఎక్కువ వేడి, నీలం తక్కువ. చాంబర్లో స్టాకు లెక్కపెట్టేటప్పుడు నీలంలో పెడితే చాలు, నడుం పట్టేయడం తగ్గింది. మునుపు రెండు స్వెట్టర్లు వేసుకుని చేతులు కదపడానికి ఇబ్బంది పడేదాన్ని. ఒక్కటే ముఖ్యం, చెమట బట్టల మీద వేడి కోటు వేయకూడదు. ఎండలోంచి వచ్చి తడి చొక్కాతోనే లోపలికి పోతే ఆ తడే ఒంటి వేడిని లాగేస్తుంది, కోటు ఇచ్చే పది వాట్లు దానికి చాలవు. తలుపు బయట పొడి బనియన్ మార్చుకుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు కోటు వేసుకోవాలి. మా దగ్గర ఇప్పుడు తలుపు పక్కన పొడి బనియన్ల గూడు పెట్టించాం. నా ఉద్దేశంలో ముఠా వాళ్ళకు వేడి కోటు కన్నా ఆ గూడే ఎక్కువ మేలు చేసింది, ఖర్చు కూడా కొంచెమే. ఈ కోటును పవర్ బ్యాంక్ తీసేసి చేత్తోనే ఉతకాలి, పిండకుండా నీడలో ఆరేయాలి. పిండితే తీగలు తెగుతాయి.

పవర్ బ్యాంకుల గురించి ఒక హెచ్చరిక. ఫ్యాన్ జాకెట్‌దైనా, వేడి కోటుదైనా ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో వదలకండి. ఉబ్బిన పవర్ బ్యాంక్ కనిపిస్తే పక్కన పడేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు.

ఫ్యాన్ జాకెట్ మూడు వేల పైచిలుకు పడింది, వేడి కోటు దానికన్నా తక్కువ. మైనం కోటు ఏడు వేల దాకా అయింది. ఒక మనిషికి ఏడు వేలంటే ఓనరు గారు మొదట వెనకాడారు. పోయిన వేసవి హాస్పిటల్ బిల్లు, ఆగిపోయిన పని లెక్క ఆయన ముందు పెట్టాను. షెడ్డు ఆడవాళ్ళకూ ముఠాకూ మైనం కోట్లు, కాటా గుమస్తాకు ఫ్యాన్ జాకెట్ అలాగే ఉంచడం, చాంబర్ స్టాకు చూసే ఇద్దరికి వేడి కోట్లు అని ఇప్పుడు ఆర్డర్ పెట్టాం. ఆటోనగర్ షాపాయన సన్నవాళ్ళకు పట్టీలు కత్తిరించి కుట్టించి ఇస్తానన్నాడు.

మైనం కోటు కొనేవాళ్ళు ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో ముద్రించి ఉందో లేదో చూడండి, అది లేని సరుకు తీసుకోకండి. ఒక్కో కోటుకు రెండో సెట్టు ప్యాకెట్లు తప్పకుండా అడగండి. ఒక సెట్టు ఒంటి మీద ఉండగా ఇంకోటి గట్టిపడుతూ ఉండాలి, లేకపోతే పొద్దున పదింటికే కోటు చల్లదనం అయిపోతుంది, అసలు ఎండ మొదలయ్యేది ఆ తర్వాతే.